బిడ్డ ఎవరి సొత్తు? - బానిస చట్టం, స్త్రీ గర్భం

(మహిళా కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచ బానిసత్వ చరిత్ర మీద మాట్లాడమని నన్నడిగారు. గ్రీసు, రోము, అరబ్బు వర్తకం, అట్లాంటిక్ వ్యాపారం - ఇవన్నీ గంటలో చెప్పుకుపోతే మీకు తేదీలు మిగులుతాయి, విషయం మిగలదు. అందుకని ఒకే ఒక్క చట్టాన్ని పట్టుకుని మాట్లాడతాను. 1662 డిసెంబరులో, అప్పటికి ఇంగ్లండు వలసగా ఉన్న వర్జీనియా శాసనసభ చేసిన చట్టమది. దాని సారాంశం ఇంతే: ఈ గడ్డ మీద పుట్టే బిడ్డ బానిసా, స్వతంత్రులా అన్నది తల్లి స్థితిని బట్టే నిర్ణయమవుతుంది.

వినడానికి చిన్న మాట. కానీ ఇంగ్లండు చట్టంలో బిడ్డకు పేరు, హోదా, వారసత్వం అన్నీ తండ్రి నుంచే వచ్చేవి. పెళ్ళైన స్త్రీకి తనదంటూ ఆస్తి ఉండేది కాదు. కన్నబిడ్డల మీద చట్టపరమైన హక్కూ లేదు. అంతటి పితృస్వామ్య సమాజం తన మూలసూత్రాన్ని తానే ఎందుకు తిరగేసుకుంది?

ఎలిజబెత్ కీ అనే స్త్రీ కథ తెలిస్తే ఇది అర్థమవుతుంది. ఆమె తల్లి ఆఫ్రికన్ బానిస. తండ్రి తెల్లవాడు, భూస్వామి, శాసనసభ సభ్యుడు. కొన్నేళ్ళ గడువుతో పనికి కుదిర్చిన ఆమెను, గడువు దాటిపోయినా వదలకుండా బానిసగా లెక్కగట్టారు. ఆమె కోర్టుకెక్కింది. నా తండ్రి ఇంగ్లీషువాడు, నేను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలిని, నా గడువు తీరిపోయింది - ఇదీ ఆమె వాదన. 1656లో గెలిచింది. ఏడేళ్ళు తిరగకుండా 1662 చట్టం వచ్చింది. 1667లో ఇంకొకటి వచ్చింది: బాప్తిస్మం వల్ల బానిసకు విముక్తి కలగదని. ఆమె ఏ రెండు తలుపుల గుండా బయటికి వచ్చిందో ఆ రెండూ వరుసగా మూసేశారు. చట్టం స్త్రీలను పట్టించుకోదని మనం తరచు అంటుంటాం. ఇక్కడ మాత్రం ఎంత జాగ్రత్తగా పట్టించుకుందో చూడండి.

ఈ చట్టం తల్లికి ఇచ్చిన హక్కు ఒక్కటీ లేదు. బిడ్డను పెంచుకునే హక్కు లేదు, దగ్గరుంచుకునే హక్కు లేదు. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించేది దాస్యం మాత్రమే. తండ్రికి మాత్రం పూర్తి విడుదల. యజమాని తన బానిస స్త్రీని చెరిస్తే, పుట్టిన బిడ్డకు పేరివ్వక్కర్లేదు, పోషణ భారం లేదు, పైగా ఆస్తి ఒకటి పెరుగుతుంది. అత్యాచారాన్ని ఆదాయంగా మార్చిన చట్టమని దీన్ని అనడానికి నాకేమీ సంకోచం లేదు.

ఇప్పుడు కొన్ని అంకెలు చూద్దాం. అట్లాంటిక్ దాటించడానికి ఆఫ్రికాలో ఓడలెక్కించిన వాళ్ళు సుమారు 1 కోటీ 25 లక్షల మంది. ప్రాణాలతో దిగినవాళ్ళు దాదాపు 1 కోటీ 7 లక్షలు. వీళ్ళలో నేరుగా ఉత్తర అమెరికాకు చేరింది 4 లక్షల లోపే. 1808 నుంచి అమెరికా బయటి దేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించింది. అయినా 1860 జనాభా లెక్కల నాటికి అక్కడ బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. 4 లక్షలు 39 లక్షలు ఎలా అయ్యాయి? స్త్రీలు కన్నారు. పత్తి రాజ్యాన్ని నిలబెట్టింది చేతుల కష్టమేనని మనకు చెబుతారు, కానీ ఆ చేతులను కన్నదెవరో చెప్పరు. వర్జీనియా వంటి పాత రాష్ట్రాల్లో పుట్టిన పిల్లలను దక్షిణాది పత్తి చేలకు అమ్మడం ఒక పెద్ద వ్యాపారమైంది. స్వేచ్ఛ మనిషి జన్మహక్కని ప్రకటన రాసిన థామస్ జెఫర్సనే 1820లో ఒక ఉత్తరంలో, పొలంలో అందరికంటే బాగా పనిచేసే మగవాడి కన్నా రెండేళ్ళకో బిడ్డను కనే స్త్రీయే ఎక్కువ లాభమని లెక్క వేశాడు. వీలునామాల్లో బానిస స్త్రీ పేరు పక్కనే "ఆమెకు ఇకముందు కలిగే సంతానం" అని రాసేవారు. అందుకు వాడిన మాట పశువుల మందకూ వాడేదే. మన ఊళ్ళలో పాడిపశువును ఎన్నో ఈత అని అడిగి బేరమాడతారే, అలాగన్నమాట.

ఇక చట్టం ఆమె శరీరాన్ని ఎలా చూసింది? మిస్సోరీలో సీలియా అనే పిల్లను 14 ఏళ్ళ ప్రాయంలో ఒక ముసలి రైతు కొన్నాడు. ఐదేళ్ళు అత్యాచారం చేశాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1855 జూన్‌లో మళ్ళీ మీదికి వచ్చినప్పుడు ఆమె అతన్ని చంపింది. మానం కాపాడుకోవడానికి 'ఏ స్త్రీ అయినా' ఎదిరించవచ్చని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉందని ఆమె న్యాయవాదులు వాదించారు. ఆ 'ఏ స్త్రీ అయినా'లో బానిస స్త్రీ చేరదని కోర్టు తేల్చింది. అప్పటికి ఆమె గర్భిణి. జైల్లో మృతశిశువును ప్రసవించింది. డిసెంబరులో ఉరితీశారు. 'స్త్రీ' అన్న మాటలో ఎవరు చేరతారు, ఎవరు చేరరు అన్న చర్చ మన సంఘాల్లో వచ్చినప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తొస్తుంది.

ఇందులో తెల్ల స్త్రీల పాత్ర ఏమిటని అడుగుతారు. చాలాకాలం వాళ్ళను మౌన ప్రేక్షకులుగానే చూపించారు. స్టెఫనీ జోన్స్-రోజర్స్ 2019లో ప్రచురించిన పరిశోధన ఆ బొమ్మను చెరిపేసింది. వాళ్ళూ కొన్నారు, అమ్మారు, కొరడా పట్టారు. భూమి కొడుకులకు పోతే కూతుళ్ళకు బానిసలను ఇచ్చిన తండ్రులున్నారు. అరణంగా దాసిని పంపడం మనకు తెలియనిది కాదు. తెలంగాణ దొరల ఇళ్ళ ఆడబాపల గురించి ఇక్కడున్న పెద్దవాళ్ళు నాకంటే బాగా చెప్పగలరు. రెండూ ఒకటే అనను. అక్కడ బానిస స్త్రీని బజారులో వేలం వేయవచ్చు, ఆమె మీద బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు.

మరి ఆ స్త్రీలు ఏం చేశారు? పత్తి వేరు నమిలి గర్భం పోగొట్టుకున్నారు. యజమానులు, వైద్యులు దీని మీద గగ్గోలు పెట్టారు. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ గడ్డకట్టిన ఒహాయో నది దాటి కుటుంబంతో పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంటిని చుట్టుముట్టగానే తన రెండేళ్ళ కూతుర్ని తానే చంపింది. ఆమెను హంతకురాలిగా విచారించాలా, పారిపోయిన ఆస్తిగా తిప్పి పంపాలా అని కోర్టులో వాదన సాగింది. హత్యా నేరం మోపాలంటే ముందు ఆమె మనిషని ఒప్పుకోవాలి. చివరికి ఆస్తిగానే తిప్పి పంపారు.

నాకు మాత్రం హారియట్ జేకబ్స్ దగ్గర ఎక్కువసేపు ఆగాలని ఉంటుంది. నార్త్ కరోలినాలో 1813లో పుట్టింది. పదిహేనేళ్ళ వయసు నుంచి యజమాని వెంటపడ్డాడు. యజమాని భార్య కోపం భర్త మీద కాక ఈ పిల్ల మీదికే మళ్ళింది. అతని నుంచి తప్పించుకోవడానికి హారియట్ మరో తెల్లవాడితో సంబంధం పెట్టుకుంది. ఇద్దరు పిల్లలు. 1662 నాటి సూత్రం ప్రకారం వాళ్ళూ ఆమె యజమాని ఇంటి ఆస్తే. తాను మాయమైతే పిల్లల్ని అమ్మేస్తాడు, అప్పుడు వాళ్ళ తండ్రి కొనవచ్చునని ఆమె అంచనా. అమ్మమ్మ ఇంటి కప్పు కింద ఒక ఇరుకు చోటులో దాక్కుంది. 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, బాగా ఎత్తున్న చోట 3 అడుగులు. నిలబడడం కుదరదు. చెక్కకు కన్నం చేసుకుని, కింద ఆడుకునే పిల్లల్ని చూస్తూ దాదాపు ఏడేళ్ళు గడిపింది. 1842లో ఉత్తరాదికి తప్పించుకుంది. 1861లో మారుపేరుతో తన కథ రాసింది. తాను చేసుకున్న ఎంపికను దాచలేదు. బానిస స్త్రీని ఇతరుల శీలం కొలతలతో కొలవకూడదని పాఠకులకు సూటిగా చెప్పింది. బానిస స్త్రీ ఇంత బాగా రాయలేదని, అది కల్పనేనని, ఎవరో తెల్లామె రాసిందని శతాబ్దం పైగా పండితులు అనుకున్నారు. జీన్ ఫేగన్ యెలిన్ ఉత్తరాలు, దస్తావేజులు వెతికి, 1987లో తెచ్చిన ప్రతితో అది జేకబ్స్ రచనేనని స్థిరపరిచింది. ఇలాంటి పని చేసేవాళ్ళు మనకింకా కావాలి.

విముక్తి గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్ 1833లో చట్టం చేసి 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం యజమానులకిచ్చింది, బానిసలకు పైసా లేదు. ఆ ఖాళీని నింపడానికి మన కూలీలను ఓడలెక్కించారు. కోస్తా జిల్లాల నుంచి మారిషస్‌కు, నేటాల్‌కు, తర్వాత ఫిజీకి తెలుగువాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. హ్యూ టింకర్ 1974లో రాసిన పుస్తకం దీన్ని కొత్త రకం బానిసత్వమంది. కొరడా, బారకాసులు, స్త్రీల మీద సర్దార్ల దౌర్జన్యం - అన్నీ నిజమే. కానీ కూలీ ఒప్పందానికి గడువుంది, కూలి స్త్రీకి పుట్టిన బిడ్డ తోట యజమాని సొత్తు కాదు. ఆ తేడాను చెరిపేయకూడదు. బ్రెజిల్ అయితే 1871లో ఇకపై బానిస తల్లికి పుట్టే బిడ్డలు స్వతంత్రులని చట్టం చేస్తూనే, 21 ఏళ్ళు వచ్చేదాకా వాళ్ళ చేత చాకిరీ చేయించుకునే వీలు యజమానికి వదిలింది. అక్కడ పూర్తి రద్దు 1888లో గాని రాలేదు. మారిటేనియా 1981లో రద్దు చేసింది. అక్కడా దాస్యం తల్లి వైపు నుంచే సంక్రమించేది.

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి పత్రికల్లో ఒక రకం ప్రకటనలు మొదలయ్యాయి. విడిపోయిన పిల్లల కోసం తల్లులు, తల్లుల కోసం పిల్లలు ఇచ్చినవి. పిల్ల పేరు, తల్లి పేరు, ఎవరి సొత్తుగా ఉండేవాళ్ళు, ఏ ఊళ్ళో ఎవరికి అమ్మారు, ఏ సంవత్సరం. చర్చిల్లో పాస్టర్లు చదివి వినిపించమని కింద కోరేవారు. 1900 దాటాక కూడా ఇలాంటివి అచ్చయ్యాయి. అప్పటికి ఆ పిల్లలకు యాభై, అరవై ఏళ్ళుంటాయి. ఆ తల్లులు మాత్రం అమ్మేసిన రోజున ఉన్న వయసే రాయించారు.