మాత్రల చీటీ, ల్యాబు కాగితం



ఈనాటి ప్రసంగం లూపస్ అనే జబ్బు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ జబ్బు ఉన్నవారు మింగే మాత్రలకూ, వారి రక్తంలో, మూత్రంలో ల్యాబువారు కనిపెట్టే సంగతులకూ ఉన్న సంబంధం గురించి. నేను డాక్టరును కాను, బడిపంతులును. అయితే మన బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లో చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, ల్యాబు కాగితం మాత్రం ఇంగ్లీషు. అందుచేత పిల్లల తల్లులు "అయ్యోరా, దీంట్లో ఏం రాసినారో చూసి చెప్పండి" అంటూ కాగితాలు బడి దగ్గరికే తెస్తుంటారు. వాటిని చదివి, తెలియనివి డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులే ఇవి.

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే శక్తి ఒకటి ఉంది. లూపస్‌లో ఆ శక్తి దారి తప్పి సొంత శరీరం మీదికే తిరుగుతుంది. కంచే చేను మేసిందంటామే, అదే వరస. కీళ్ళు, చర్మం, రక్తకణాలు, మూత్రపిండాలు, ఒక్కొక్కసారి గుండె చుట్టూ ఉండే పొర, మెదడు, ఏదైనా దెబ్బతినవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది స్త్రీలే; అందులోనూ ఎక్కువమంది పదిహేను నుంచి నలభై అయిదేళ్ళ లోపువారు. విడవని జ్వరం, పొద్దున లేవగానే బిగుసుకుపోయే కీళ్ళు, నోట్లో పుళ్ళు, జుట్టు రాలడం, ముక్కుకు రెండువైపులా సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ కనిపిస్తాయి. అన్నీ అందరికీ ఉండవు. ఎండ తగిలితే చాలామందికి జబ్బు ఎక్కువవుతుంది. టమాటా కోతకు, మల్బరీ తోటలకు వెళ్ళే ఆడవాళ్ళకు ఎండలోకి పోవద్దని చెప్పడం తేలికే, కానీ పోకపోతే కూలి రాదు. చీర మీద మగవాళ్ళ నిండుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు, బుగ్గలకు గుడ్డ చుట్టుకుని, మిట్టమధ్యాహ్నం నీడన పని అడిగి చేసుకుంటే కొంత మేలు.

ఇక ల్యాబు కాగితం. మొదట రాసే పరీక్ష ఏ.ఎన్.ఏ. లూపస్ ఉన్నవారిలో దాదాపు అందరికీ ఇది పాజిటివ్ వస్తుంది. కాని పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ లూపస్ ఉన్నట్టు కాదు. ఏ జబ్బూ లేని వందమంది రక్తాన్ని 40 రెట్లు పలచన చేసి చూస్తే ముప్ఫైమంది దాకా పాజిటివ్ రావచ్చు. 160 రెట్లు పలచన చేస్తే ఆ సంఖ్య అయిదుకు దిగుతుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ లాంటి కొన్ని మందుల వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. అంతమాత్రాన క్షయ మాత్రలు మీ అంతట మీరు మానకండి. నేను చెప్పేదేమిటంటే, ఏ మందు మింగుతున్నారో తెలియకుండా ఈ కాగితాన్ని సరిగ్గా చదవడం డాక్టరుకు కూడా కష్టమే. లూపస్ అని ఒకసారి తేలాక ఏ.ఎన్.ఏ. పరీక్షను మళ్ళీ మళ్ళీ చేయించడం వల్ల పెద్ద ప్రయోజనం లేదు.

జబ్బు ఉధృతిని తెలిపేవి వేరే ఉన్నాయి. డి.ఎన్.ఏ. మీద దాడిచేసే ప్రతిరక్షకాలు పెరగడం, సి3, సి4 అనే పదార్థాలు తగ్గడం ఆ గుర్తులు. ఒకటి పెరిగితే చెడ్డ, ఇంకొకటి తగ్గితే చెడ్డ. ఇక్కడే ఇళ్ళలో గాబరా పడతారు. ఇ.ఎస్.ఆర్. పెరిగి సి.ఆర్.పి. పెద్దగా పెరగకపోతే అది లూపస్ పని కావచ్చు, సి.ఆర్.పి. బాగా పెరిగితే ఎక్కడైనా క్రిమి చేరిందేమోనని డాక్టరు వెతుకుతారు.

వీటన్నిటికంటే చవకైనది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది మూత్ర పరీక్ష. లూపస్ మూత్రపిండాలను పట్టినప్పుడు మొదట్లో నొప్పి ఉండదు. మనిషి బాగానే తిరుగుతుంది, మూత్రంలో ప్రోటీను మాత్రం పోతూ ఉంటుంది. అది రోజుకు అర గ్రాము దాటితే చాలావరకు మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించమంటారు. కాళ్ళకు నీరు వచ్చేదాకా, మూత్రం నురుగు కట్టేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ఈ పరీక్షకు బెంగుళూరు దాకా పోనక్కరలేదు, తాలూకా ఊళ్ళోనే అవుతుంది.

ఇంకొక సంగతి చెప్పాలి, కొంచెం మొహమాటమైనా సరే. గర్భిణీలకు మామూలుగా చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష సిఫిలిస్ అనే సుఖవ్యాధిని కనిపెట్టడానికి. లూపస్ ఉన్న కొందరిలో ఆ వ్యాధి లేకపోయినా ఇది పాజిటివ్ వస్తుంది. కొన్ని ప్రతిరక్షకాలు ఆ పరీక్షను మోసపుచ్చుతాయి. ఆ ఒక్క కాగితం చూసి భార్యను భర్త, కోడలిని అత్త అనుమానిస్తే ఎంత అన్యాయం! టి.పి.హెచ్.ఏ. అనే రెండో పరీక్ష చేయిస్తే నిజం తేలుతుంది. పైగా ఆ ప్రతిరక్షకాలే కొందరిలో రక్తం గడ్డకట్టడానికి, గర్భం నిలవకపోవడానికి కారణం కావచ్చు. కనుక ఆ కాగితాన్ని సిగ్గుపడి దాచకూడదు, డాక్టరుకు చూపించాలి.

1948వ సంవత్సరంలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లూపస్ రోగుల్లో ఒక వింత కణాన్ని వర్ణించారు. అది ల్యాబులో లూపస్‌ను పట్టుకోవడానికి దొరికిన మొదటి గుర్తు. అదే ఏడు అదే క్లినిక్‌లో హెంచ్ అనే డాక్టరు కార్టిసోన్‌ను మొదటిసారి ఒక కీళ్ళవాతం రోగికి ఇచ్చారు. 1950లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. గుర్తూ, మందూ ఒకే చోట, ఒకే ఏడాది. అంతకు ముందు ఈ జబ్బును ఆపడం వైద్యుల చేతుల్లో అంతగా లేదు. ఇవాళ మంచి వైద్యం అందినచోట వందలో తొంభైమందికి పైగా అయిదేళ్ళు దాటి హాయిగా బతుకుతున్నారు.

ఆ కార్టిసోన్ జాతిదే నేడు వాడే ప్రెడ్నిసొలోన్. త్వరగా గుణం చూపిస్తుంది, అందుకే దానితో చిక్కు. నొప్పి తగ్గింది కదా అని హఠాత్తుగా మానేస్తారు. వారాల తరబడి ఈ మాత్ర వేసుకుంటే శరీరం తన స్టిరాయిడ్‌ను తాను తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. ఒక్కసారిగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మాత్ర ల్యాబు కాగితాన్ని కూడా మారుస్తుంది. చక్కెర పెరుగుతుంది, తెల్లకణాల లెక్క పెరుగుతుంది. మందు సంగతి తెలియనివారు దాన్ని చూసి ఇన్‌ఫెక్షన్ అనుకోవచ్చు. అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్ మాత్రలు ఇందుకు భిన్నంగా కణాలను తగ్గించవచ్చు. లూపస్ కూడా తగ్గిస్తుంది. తగ్గించింది జబ్బా, మందా అని తేల్చాలంటే ఏ మాత్ర ఏ తేదీన మొదలైందో తెలియాలి.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కనుక ఒక మాట. ఈ జాతి మందులకు బాట వేసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ముఖ్యులు. కీళ్ళకు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణీలు, బిడ్డ కావాలనుకునేవారు దీన్ని వాడకూడదు. మైకోఫెనొలేట్ కూడా అంతే.

హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి వేరు. మలేరియా మందుల కుటుంబానికి చెందిన ఈ మాత్ర లూపస్ వైద్యానికి పునాది. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అందుకే "దీనితో ఏమీ లాభం లేదు" అని దీన్నే ముందు మానేస్తారు. మానితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా సాధారణంగా కొనసాగించమంటారు. బరువును బట్టి కిలోకు రోజుకు అయిదు మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ళ తర్వాత ఏటేటా కంటి పరీక్ష అవసరం. 2020 మార్చిలో కోవిడ్‌కు పనిచేస్తుందన్న ఆశతో అందరూ ఈ మాత్ర మీద పడ్డప్పుడు లూపస్ రోగులకు అది దొరకడం కష్టమైంది. కోవిడ్‌కు అది పనికిరాదని ఆ తర్వాత తేలింది.

మన ప్రాంతం వాళ్ళు ఒకసారి బెంగుళూరు సెయింట్ జాన్స్‌కు, ఒకసారి వేలూరు సి.ఎం.సి.కి, చుట్టాలుంటే హైదరాబాదు నిమ్స్‌కు పోతారు. తప్పేమీ లేదు, మూడుచోట్లా ఈ జబ్బు నిపుణులున్నారు. కాని పోయేటప్పుడు కొందరు ల్యాబు కాగితాలు తీసుకుని మాత్రల చీటీ ఇంట్లో మరుస్తారు. కొందరు అట్టలు చింపి ఒక్క మాత్ర కొంగున కట్టుకుని "తెల్లగా, గుండ్రంగా ఉంటుంది సార్" అంటారు. నా సలహా, ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. ఎడమ పేజీలో తేదీ వేసి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు పెంచారు, ఎప్పుడు తగ్గించారు; కుడి పేజీలో అదే తేదీన హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను. నొప్పికి అంగట్లో కొన్న మాత్రలూ, పేరులేని పొట్లాల్లో ఇచ్చే పొడులూ కూడా రాయండి. ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు, ఆ పొడుల్లో కొన్నిట స్టిరాయిడ్ కలిపి ఉంటుంది. ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్ల ఉంటే చాలు, ఈ పుస్తకం రాసిపెడుతుంది. కన్నడంలో రాసినా, తెలుగులో రాసినా, మందు పేరు మాత్రం అట్ట మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను చూసి రాయమనండి.

స్టిరాయిడ్ వాడుతున్నవారికి జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, ముఖమూ కాళ్ళూ ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, వచ్చే నెల చూపించుకునే తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, నోటుపుస్తకం చేతబట్టుకుని.