తల్లి లేని ఇంట్లో తల్లి
(సంఘం కుటుంబ సమ్మేళనంలో ‘కాలాతీత వ్యక్తులు’ నవలపై చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘నాకు నచ్చిన నవల’. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. సర్వీసంతా లెడ్జర్లు చూసినవాణ్ణి. అయినా ఒక్క నవల గురించి మాత్రం చెప్పగలను. అది డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’. అచ్చంగా మన విశాఖపట్నం నవల.

శ్రీదేవిగారు 1929లో అనకాపల్లిలో పుట్టారు. వృత్తిరీత్యా వైద్యురాలు. ఈ నవల 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. 1961లో చిన్న వయసులోనే ఆమె కన్నుమూశారు. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా మనలో చాలామంది చూసిందే. దానికి ఆధారం ఈ నవలే.

ఆ రోజుల విశాఖను ఒకసారి తలచుకోండి. హార్బరు 1933లో తెరుచుకుంది. షిప్‌యార్డు నుంచి ‘జలఉష’ 1948లో నీళ్ళలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. స్టీలు ప్లాంటు ఊసే లేదు, దాని శంకుస్థాపన 1971లో కదా. చదువుకని, కొలువుకని వచ్చినవాళ్ళతో ఊరు నిండుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లంటే ఒక వాటా, లేకపోతే మేడ మీద గది. అలాంటి ఇంట్లోనే ఈ కథ మొదలవుతుంది.

ఆ ఇంట్లో ఇందిర, ఆమె తండ్రి ఆనందరావు. అదే ఇంట్లో చదువుకోడానికి వచ్చిన కల్యాణి. మేడ మీద ప్రకాశం, మెడికల్ కాలేజీ విద్యార్థి. కల్యాణికీ ప్రకాశానికీ స్నేహం కుదురుతుంది. కల్యాణి తండ్రికి జబ్బుచేసి ఆమె ఊరు వెళ్ళిన సమయంలో ప్రకాశం ఇందిర వైపు మొగ్గుతాడు. తండ్రిని పోగొట్టుకున్న కల్యాణికి ఇక్కడ ఈ దెబ్బ. అప్పుడు ఆమెకు అండగా నిలబడింది స్నేహితురాలు వసుంధర. కథ అంతా చెప్పను, చదవనివారు చదవాలి.

కథ వినగానే ఎవరైనా ఇందిరను తప్పుపడతారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ లెక్కలు చూసే అలవాటు కదా, రెండోసారి చదివినప్పుడు ఆ ఇంటి జమాఖర్చు చూశాను. ఆ ఇంట్లో తల్లి లేదు. తండ్రికి బాధ్యత లేదు. ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఇందిర. తండ్రికి అన్నం పెట్టేది కూతురు. అంటే ఆ పిల్ల తన తండ్రికే తల్లి అయింది. మరి ఆ పిల్లకి తల్లి ఎవరు? నీ కోరిక ఏమిటమ్మా అని అడిగినవాళ్ళు ఎవరు? అడిగేవాళ్ళు లేనప్పుడు మనిషి తనకు కావలసింది తనే లాక్కుంటుంది. అది మంచిదని రచయిత్రి అనలేదు. కానీ ఇందిరను దుష్టురాలిగా కూడా చిత్రించలేదు.

ఈ నవల నాకు దొరికింది మా అప్ప ట్రంకుపెట్టెలో. మన వైపు అక్కని అప్ప అనే కదా పిలుస్తాం. 1964లో మా అమ్మ పోయింది. అప్పకి పంతొమ్మిదేళ్ళు, నాకు పదమూడు, చెల్లికి ఎనిమిది. అప్ప చదువు మానేసి గుమస్తా ఉద్యోగంలో చేరింది. నా ఫీజులు, చెల్లి జడలు, నాన్న మందులు అన్నీ తనవే. 1978లో చెల్లి పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ జీతం ఆగిపోతే ఎలాగన్న భయం నాలోనూ ఉంది. ఈ మాట ఇన్నాళ్ళకి పదిమందిలో ఒప్పుకుంటున్నాను.

నాన్న పోయాక ఇంటి వాటాల దగ్గర మాట పెరిగింది. “నువ్వు నా తల్లివా, నన్ను అదుపు చెయ్యడానికి?” అనేసింది చెల్లి. అప్ప మారు మాట్లాడలేదు. పదకొండేళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇద్దరికీ మధ్య కబుర్లు మోసే పోస్టుమాను ఉద్యోగం నాది.

నేను రిటైరయ్యాక అప్ప ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్ళాను. అట్ట ఊడిపోయిన ఈ పుస్తకం కనబడింది. ఇందిర గురించిన పేజీల్లో చాలాచోట్ల పెన్సిలు గీతలున్నాయి. చదివి, ఏమీ చెప్పకుండా చెల్లికి ఇచ్చాను. వారం తిరక్కుండా చెల్లి ఒక్కర్తీ బస్సెక్కి అప్ప ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది. అప్ప అడిగిన మొదటి మాట “అన్నం తిన్నావా?” అని. క్షమాపణలూ లేవు, కన్నీళ్ళూ లేవు. ఇద్దరూ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశారు.

మిత్రులారా, మన తరంలో ఇందిరలూ మా అప్పలూ ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ రుణం తీర్చలేం. కనీసం ఒప్పుకోగలం. నోటి మాటతో సరిపెట్టవద్దు, కాగితం మీద కూడా చూడండి. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల్లో 25 ఏళ్ళు దాటిన వితంతు, విడాకులు పొందిన కూతుళ్ళకు 2004లో, పెళ్ళికాని కూతుళ్ళకు 2007లో కుటుంబ పింఛనుకు వీలు కల్పించారు. ఆదాయ పరిమితి వంటి షరతులున్నాయి. మిమ్మల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన కూతురుంటే, మీకు వర్తించే నిబంధన ఏమిటో కనుక్కుని, ఆమె పేరు మీ కాగితాల్లో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

మా అప్పకి ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులవల్ల ఇవాళ రాలేదు. చెల్లి తోడుగా ఉంది. నేను ఇక్కడ ఏం మాట్లాడానో ఇంటికి వెళ్ళి చెప్పాలి. పెళ్ళి మాట ఎత్తనందుకు నేను ఒప్పుకున్న తప్పు కూడా ఈసారి దాచకుండా చెబుతాను.