ఏకాంత మౌనము – ఆత్మ విశ్రాంతి



మౌనమును గూర్చి మాటలాడుటకు నేను తగినవాడనా యని నాకే సందేహము. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై పాఠములు చెప్పితిని. పిల్లలను మాటలాడవద్దని అదలించితినే గాని, నే నొక గడియయైన నోరు మూసికొని యెరుగను. అయినను ఈ పాఠమును వార్ధక్యమున, కష్టపడి నేర్చితిని గనుక నాలుగు మాటలు విన్నవించెదను.

మన కర్నూలు, కడప సీమల వారికి చెలమ యననేమో చెప్పనక్కర లేదు. వేసవిలో పెన్న యెండిపోవును, కుందూ సన్నగిల్లును. అప్పు డిసుకలో మూరెడు లోతు త్రవ్వినచో నీరూరును. మొదట నూరునది బురదనీరు. దానిని తోడి పారబోయవలెను. పిమ్మట చేయి పెట్టక గట్టున గూర్చుండవలెను. తొందరపడి కలచినచో మరల బురదయే. ఓర్చినవానికి తేటనీరు లభించును. మౌనమును గూర్చి నాకు దెలిసినదంతయు ఈ చెలమలోనే యున్నది.

ముని యొక్క భావము మౌనమని శాబ్దికులు చెప్పుదురు. కేవలము నోరు మెదపకుండుట మౌనము గాదు. అలిగి మూల గూర్చున్నవాడును మాటలాడడు. వాని లోపల మాత్రము సంత జరుగుచుండును. రచ్చబండమీద పేదవాని కన్యాయము జరుగుచుండగా పెద్దమనుష్యు డూరకుండుటయు మౌనము గాదు, అది పిరికితనము. దేవుని మాట వినుటకై మన మాట నాపుటయే మౌనము.

మన సీమకు ఈ విషయము క్రొత్తది గాదు. కొలిమిగుండ్ల చేరువనున్న బెలుము గుహలను మీలో పలువురు చూచియుందురు. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు వానిని గూర్చి వ్రాసెను. 3,229 మీటర్ల పొడవుగల ఆ గుహలయందు పూర్వము జైన బౌద్ధ భిక్షువులు వసించిరి. బనగానపల్లె చెంత రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము వ్రాసెనని లోకప్రసిద్ధి. లండను మిషను వారు 1822లో కడపయందు పని నారంభించు నాటికే ఈ నేల ఏకాంతము నెరిగిన నేల. కనుక మౌనమనునది క్రైస్తవులు పరాయి దేశమునుండి తెచ్చుకొనవలసిన వస్తువు గాదు.

ఇక వేదగ్రంథము మాట. ఏలీయా ప్రవక్త రాణి యాగ్రహమునకు వెరచి యెడారికి బారిపోయి, ఒక చెట్టు క్రింద గూలబడి, చావు గోరెను. దేవుడు వానిని మందలింపలేదు. నిద్రపోనిచ్చెను, లేపి అన్నజలము లిప్పించెను. పిమ్మట హోరేబు కొండకు రప్పించెను. పెనుగాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని రేగెను. వానిలో దేవుడు లేడు. అన్నియు నణగిన పిమ్మట వినబడిన మెల్లని స్వరమును విని ఏలీయా ముఖము కప్పుకొనెను. అయ్యా, ఇంకొక సంగతి గమనింపుడు. దేవుడు వానిని ఆ కొండమీదనే యుండుమనలేదు. మరలిపొమ్మనెను, చేయవలసిన పనులు చెప్పి పంపెను.

మన ప్రభువును అట్లే చేసెను. కపెర్నహూములో ప్రొద్దుపోవు వరకు రోగులను స్వస్థపరచి, యింకను చీకటి యుండగనే లేచి, యొంటిగా అరణ్య ప్రదేశమునకు బోయి ప్రార్థించెను. మరియొకప్పుడు శిష్యులకు భోజనము చేయుటకైన తీరిక లేకుండుట చూచి, వారిని విశ్రాంతికై యేకాంతమునకు బిలిచెను. కాని జనులు ముందుగనే పరుగెత్తి యచటికి జేరిరి. ఆయన విసుగుకొనెనా? లేదు, కనికరపడెను. ఏకాంతమును గోరినవాడే, అక్కరగలవారు రాగా దానిని విడిచెను. విశ్రాంతికిని సేవకును వైరము లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఐగుప్తు దేశపు అంతోని యను భక్తుడు తన పొలములను విడిచి, పాడుబడిన కోటలో సుమారు ఇరువదియేండ్లు ఒంటిగ నుండెను. అతడు 356లో గతించెను. ఏకాంతములో అతనికి మొదట నెదురైనది శాంతి గాదు, సైతాను శోధనలు. మన తెలుగువారిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషనును స్థాపించి, దేవుని సన్నిధిలో మౌనముగ కనిపెట్టుట యనునది ప్రార్థనలో భాగమని బోధించిరి. మనము చెప్పదలచినది చెప్పి లేచిపోవుదుము. ఆయన చెప్పదలచినది వినుటకు నిలువము.

ఇప్పుడు నా సంగతి. నా యిల్లాలు ప్రభువునందు నిద్రించిన పిమ్మట ఆరు మాసములు నాకు ప్రార్థన సాగలేదు. మాటలు రాక గాదు, మాటలు వచ్చుచునేయుండెను. సమాసములు గూడ చక్కగ నమరుచుండెను. వానిలో ప్రాణము లేదు. కడకు విసిగి, ఒక వేకువ మా యూరి మందిరమునకు బోయి, ఏమియు ననక గూర్చుంటిని. మరునాడును బోయితిని. నాలుగైదు దినములకు ఊరినది తేటనీరు గాదు, బురద.

ఒక పిల్లవాని ముఖము కనబడెను. వాడు "శ" యను నక్షరమును పలుకలేకపోయెడివాడు. ఒకనాడు తరగతి యెదుట నేను వానిని వెక్కిరించి, వాని తండ్రి వృత్తిని జేర్చి యొక చమత్కారము పలికితిని. తరగతి నవ్వెను. ఆ పిల్లవాడు మరునాడు బడికి రాలేదు, మరెన్నడును రాలేదు. ఇరువదియెనిమిదేండ్లు నేనా సంగతిని తలచినవాడను గాను.

విచారింపగా అతడు బేతంచెర్ల చెంత నాపరాళ్ల గనిలో పనిచేయుచున్నాడని తెలిసెను. బస్సెక్కి పోయితిని. రాతిధూళి తలనిండ నున్న ఆ మనిషి నన్ను గుర్తుపట్టి, చేతిలోని సుత్తి క్రింద బెట్టెను. నేను రెండు చేతులు జోడించి, "నాయనా, నీకు ద్రోహము చేసితిని" అంటిని. అతడు కొంతసే పూరకుండి, "మరిసినానంటే అబద్దమైతాది అయ్యవారూ. ముందు నీళ్లు తాగండి, ఎండలో వచ్చినారు" అనెను.

అది క్షమయగునో కాదో నేనెరుగను. అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. ఆ నీరు త్రాగితిని. మరునాటి వేకువ మందిరములో గూర్చున్నప్పుడు, నా భార్య పోయిన పిమ్మట మొదటి సారిగా కన్నీరు వచ్చెను; దానితో ప్రార్థనయు వచ్చెను. శ్రమ తొలగుటయే విశ్రాంతి. దాచిన తప్పును మోయుటకంటె గొప్ప శ్రమ లేదు. మౌనము ఆ బరువును దింపదు; బరువున్నదని చూపును. దింపుటకు మనమే లేచి నడువవలెను.

పెద్దలారా, మీకు మూడు మనవులు. గదిలోనికి బోయి తలుపు వేసికొని ప్రార్థింపుమని ప్రభువు సెలవిచ్చెను. మన పల్లెలలో ఒంటిగది యిండ్లెన్ని లేవు? వారు ఏ తలుపు వేసికొందురు? మన మందిరము మాత్రము వారమున కారు దినములు తాళముతో నుండును. కోడికూత వేళ గడియసేపైన దానిని తెరిచి యుంచుడు. బోధకుడు వలదు, పాట వలదు. చాప యున్న చాలును.

రెండవది: ఆ గడియయందు మైకును, చేతి ఫోనును మూతపెట్టుడు. దేవునికి చెవుడు లేదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఇంటిలో అందరికంటె ఏకాంతము దుర్లభమైనది కోడలికి. వేకువను లేచినది మొదలు పొయ్యి, పశువు, పసిబిడ్డ. తాతలమగు మనము మన మౌనమునకు మందిరమునకు బోవుచు, ఆమెకు పని పెంచినచో అదేమి భక్తి? దినమున కొక గడియ బిడ్డను మీ రెత్తుకొని, "అమ్మా, నీవు పోయి కూర్చుండుము" అనుడు. బిడ్డ యేడ్చినచో మీ ధ్యానము చెడునేమో, చెడనిండు. కనికరముచే చెడిన యేకాంతమును ప్రభువెరుగును.

చెలమ త్రవ్వినవాడు తానొక్కడే త్రాగి పూడ్చిపోడు. వెనుక వచ్చువారికై విడిచిపోవును. అది మన సీమ మర్యాద. మౌనమునందును ఆ మర్యాదను పాటింతముగాక.  ఇక నేనూరకుందును.