తగ్గిన బరువు మళ్లీ ఎందుకొస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"డాక్టరువి కదా, ఆరోగ్యం మీద ఏదైనా చెప్పు, పావుగంట మించొద్దు" అని మన కార్యదర్శి ఆజ్ఞ. విషయం కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. ఈ సభ తేదీ ఖరారైన దగ్గర్నుంచీ మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ, పాత మిత్రుల్ని కలిసేలోపు పది కిలోలు తగ్గేదెలా అని. ఒకరు అన్నం పూర్తిగా మానేశారు. ఒకరు కీటో మొదలుపెట్టారు. ఇంకొకరు పది రోజులు జ్యూసుల మీదే ఉన్నారు. ఇలాంటి డైట్లు పనిచేస్తాయా, తగ్గిన బరువు నిలుస్తుందా అన్నదే ఇవాళ నా మాట.

జవాబు ముందే చెప్పేస్తాను. తగ్గడం తగ్గుతారు. చాలామందికి అది నిలవదు. నిలవకపోవడానికి మనసు గట్టిది కాకపోవడం అసలు కారణం కాదు.

ఈ పద్ధతులు కొత్తవి కావు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, బంగాళాదుంప, చక్కెర మానేసి తాను ఎలా సన్నబడ్డాడో ఒక చిన్న పుస్తకం వేశాడు. అది ఎంత పాకిందంటే, ఇంగ్లీషులో డైటు చేయడాన్ని ఆయన పేరుతోనే పిలిచారు. మూర్ఛ రోగుల చికిత్స కోసం 1921లో కీటోజెనిక్ ఆహారం అన్న పేరు పుట్టింది. 1972లో అమెరికాలో డాక్టర్ ఆట్కిన్స్ పుస్తకం వచ్చింది. కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ నడిచింది, మీకు గుర్తుండే ఉంటుంది. అందరూ చెప్పేది దాదాపు ఒకటే, "ఫలానాది ముట్టుకోకు" అని.

మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గానని సంబరపడేవాళ్లను చూస్తుంటాం. అందులో ఎక్కువ భాగం నీరు. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె మానేస్తే ముందు ఆ నిలవ ఖర్చవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. పండక్కి రెండు రోజులు పులిహోర, బూరెలు తినగానే ఆ నీరు తిరిగొచ్చేస్తుంది. కొవ్వు కరగడం ఇంత త్వరగా జరిగే పని కాదు.

మరి ఏ డైట్ మేలు? 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు కొవ్వు తగ్గించింది, రెండో గుంపు పిండిపదార్థాలు తగ్గించింది. ఏడాది తరువాత చూస్తే మొదటివాళ్లు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. 2020లో 14 పేరున్న డైట్ల మీద జరిగిన 121 పరిశోధనలను కలిపి చూశారు. ఆరు నెలలకు చాలా డైట్లు బరువునూ బీపీనీ తగ్గించాయి. ఏడాది తిరిగేసరికి బరువులో వచ్చిన లాభం తగ్గిపోయింది, బీపీ, కొలెస్ట్రాల్‌లలో వచ్చిన లాభం దాదాపు మాయమైంది.

ఎందుకిలా? మన శరీరానికి డైటూ కరువూ వేరువేరుగా తెలియవు. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి మాత్రమే పెట్టాడు. ఇవాళ చాలా డైట్లలో అంతకంటే తక్కువే తినమంటారు. వాళ్లు నాలుగో వంతు బరువు తగ్గారు. దాంతోపాటు చలి, నీరసం, చిరాకు వచ్చాయి. ఎప్పుడూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివినవాళ్లున్నారు. ఆంక్షలు తీసేశాక ఎంత తిన్నా వాళ్ల ఆకలి తీరలేదు. పోయిన కండ తిరిగొచ్చేలోపే కొవ్వు వచ్చి చేరింది.

2011లో మెల్‌బోర్న్‌లో 50 మందిని పది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచారు. సగటున 13.5 కిలోలు తగ్గారు. ఆకలి పుట్టించే హార్మోను పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గాయి. ఏడాది గడిచాక కూడా అవి మామూలు స్థితికి రాలేదు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో వివరాలు ప్రకటించారు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు 41 కిలోలు తిరిగి పెరిగారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది. అంటే ఒకవైపు ఆకలి ఎక్కువ, మరోవైపు ఖర్చు తక్కువ.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో బరువు తిరిగి పెరిగిన వాళ్లు తలవంచుకుని కూర్చుంటారు. "నాకు నోటి మీద అదుపు లేదండీ" అంటారు. ఇద్దరు పిల్లల్ని చదివించి, ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, అత్తమామలకు సేవ చేసిన మనిషికి అదుపు లేదంటే నేను నమ్మను. ఆ సిగ్గు వల్ల కొందరు పరీక్షలకు రావడం మానేస్తున్నారు. నాకు బరువు కంటే అదే ఎక్కువ భయం.

ఇంకో రెండు ప్రమాదాలు చెప్పాలి. ఈ సభలో సగం మందికి యాభై దాటాయి, మా గురువులకు డెబ్బై దాటాయి. షుగరు మాత్రలు మామూలుగా వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా మానేస్తే, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ షుగర్ని ప్రమాదకరంగా పడగొడతాయి. చెమటలు పట్టి, స్పృహ తప్పి అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూశాను. మూత్రం ద్వారా చక్కెరను పంపించే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ కీటో చేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. రెండోది కండ. పెద్ద వయసులో పోయిన కండ తేలిగ్గా తిరిగి రాదు. అది తగ్గితే కాలు తడబడి పడిపోవడం, ఎముక విరగడం మొదలవుతాయి.

కఠినమైన ఆహార నియమం ఎప్పుడూ పనికిరాదా అని అడగొచ్చు. పనికొచ్చే చోట్లు ఉన్నాయి. బ్రిటన్‌లో షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం ఇచ్చి, ఆ తరువాత కూడా నెలనెలా కనిపెట్టుకుని ఉన్నారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. అక్కడ వైద్యుల పర్యవేక్షణ ఉంది, తరువాతి దశకు ప్రణాళిక ఉంది. వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టేదానికి ఆ రెండూ ఉండవు.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైది. షుగరు వచ్చే దశలో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించారు. నడక, ఆహారంలో చిన్న మార్పులు పాటించిన గుంపులో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు దాదాపు మారనే లేదు. తూకం యంత్రం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరిగింది. నడక మొదలుపెట్టి నెల తిరక్కుండానే "ఏం లాభం" అని మానేసేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మరి ఏం తినాలి? మన భారతీయుల ఆహారంలో 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని 2025లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం చెప్పింది. కాబట్టి అన్నం తగ్గించమనే మాటలో నిజం ఉంది. పూర్తిగా మానేయమనడంలోనే చిక్కు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 2,000 కేలరీల పళ్లెం ఎలా ఉండాలో చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన ఇళ్లలో కొండంత అన్నం మధ్య కూర చెంచాడు ఉంటుంది. రెండు గరిటెల అన్నం తీసేసి ఆ చోట్లో తోటకూర పప్పు, బీరకాయ కూర, గుడ్డో చేపో పెట్టుకోండి. పొద్దున పెసరట్టు, సాయంత్రం బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లు. తీపి టీలు నాలుగుంటే రెండు చేయండి. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పండి. గోడకు చేతులానించి తోయడమైనా సరే, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడమైనా సరే. ఉన్న బరువులో 5 శాతం తగ్గినా బీపీ, షుగరు రెండూ మెరుగవుతాయి. ఎనభై కిలోల మనిషికి అది నాలుగు కిలోలు.

ఎవరైనా కొత్త డైట్ చెబితే ఒక ప్రశ్న వేసుకోండి. వచ్చే సంక్రాంతికి, ఆ పై సంక్రాంతికి, మనవడి పెళ్లిలో కూడా నేను ఇలాగే తినగలనా? కాదనిపిస్తే మొదలుపెట్టకండి. మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఏదీ మార్చకండి.

పక్క హాలులో విస్తళ్లు వేస్తున్నారు. ముందు గురువులను కూర్చోబెడదాం. వడ్డించేవాళ్లను కూర రెండోసారి అడగండి, బొబ్బట్టు ఒకటి తృప్తిగా తినండి. పాతికేళ్ల తరువాత కలిసిన స్నేహితుణ్ణి "లావయ్యావేంట్రా" అని పలకరించకండి. "ఎలా ఉన్నావురా" అనండి చాలు.