బోరు నీళ్లు, సబ్బు, మొఖం మంట: మైసెల్లార్ వాటర్ ముచ్చట

పాన్‌గల్ నుంచి మాట్లాడుతున్న. వెనకాల గుట్ట కనిపిస్తుంది కదా, అదే మా ఖిల్లా. 15వ శతాబ్దం మొదట్ల విజయనగరం దేవరాయలు, బహమనీ ఫిరోజ్ షా ఈ కోట కోసమే కొట్టుకున్నరు. ఇప్పుడు మేం సెల్ఫీల కోసం ఎక్కుతున్నం. పొద్దున ఎక్కి దిగేసరికి మొఖం నిండా చెమట, దుమ్ము, దాని మీద సన్‌స్క్రీన్ జిడ్డు. దిగంగనే అందరం చేసే పని ఒక్కటే, బోరు కాడికి పోయి సబ్బుతో గట్టిగ రుద్దుడు. ఇయ్యాల ముచ్చట ఆ రుద్దుడు గురించే.

అసలు విషయం మా ఇంట్ల మొదలైంది. బతుకమ్మ అప్పుడు మా చెల్లెకు నేనే మేకప్ వేసిన. నీళ్లు తగిలినా పోని కాటుక, పెదాల మీద రోజంతా ఉండే లిప్‌స్టిక్, ఫౌండేషన్ అన్నీ పెట్టిన. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి ఒంటి సబ్బు తీసుకొని కడుగుడు మొదలుపెట్టింది. ఒకసారికి పోలే, రెండుసార్లకు పోలే. మూడోసారి పీచుతో రుద్దింది. తెల్లారి కండ్ల చుట్టూ ఎర్రగ కమిలి ఉంది, బుగ్గలు బిగుసుకపోయి నవ్వొస్తలేదు. మా అమ్మమ్మ చూసి "కొబ్బరినూనె రాసుకుంటే పోయేది కదనే" అన్నది. మేం నవ్వినం. అమ్మమ్మ చెప్పింది కరెక్టు అని తర్వాత తెలిసింది, అదీ చెప్త.

అమ్మమ్మకు ఆ మాట ఎట్ల తెలుసంటే, ఆమె చిన్నప్పుడు ఊర్లకు చిందు యక్షగానం వాళ్లు వచ్చేవాళ్లు. మొఖానికి అర్దళం పూసుకునేవాళ్లు. పసుపు రంగు రాయిని మెత్తగ నూరి నూనెల కలిపి పెట్టుకునే మేకప్ అది. ఆ రాయిల ఆర్సెనిక్ ఉంటది, కాబట్టి ఎవరూ ట్రై చెయ్యకండి. ఆట అయిపోయినంక వాళ్లు నీళ్లతో కడుక్కోరు. ముందు కొబ్బరినూనె రాసి, బట్టతో తుడిచి, తర్వాతనే నీళ్లు. నూనెల కలిసింది నూనెకే వదులుతది. ఇప్పటి కాటుక, లిప్‌స్టిక్, సన్‌స్క్రీన్ కూడా చాలామటుకు నూనె, మైనం రకమే. వట్టి నీళ్లు వాటి మీద నుంచి జారిపోతయి.

మరి సబ్బు నూనెను తీస్తది కదా అంటరు. తీస్తది. కానీ రెండు తిప్పలున్నయి.

మొదటిది మన నీళ్లు. ఒక పని చెయ్యండి, ఇంట్ల ఇప్పుడే చెయ్యొచ్చు. మూత ఉన్న రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్ల బోరు నీళ్లు, ఒకదాంట్ల వాన నీళ్లు గానీ ఫిల్టర్ నీళ్లు గానీ సగం వరకు పొయ్యండి. రెండిట్లనూ ఒంటి సబ్బు చిన్న తురుము ఒకే అంత వేసి ఊపండి. షాంపూతో చెయ్యొద్దు, షాంపూ ఏ నీళ్లల్లనైనా నురుగొస్తది, తేడా తెల్వదు. మా ఇంట్ల చేస్తే వాన నీళ్ల సీసా నిండా నురుగు. బోరు నీళ్ల సీసాల నురుగు లేదు, పైన పాల మీగడ విరిగినట్టు తెల్లటి తుక్కు తేలింది. నీళ్లల్ల ఉన్న కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి అట్ల అయితది. బకెట్ అంచుకు పట్టే తెల్ల పొరల సగం అదే. మొఖం మీద కూడా అదే మిగులుతది. మనం "ఇంకా జిడ్డు పోలే" అనుకొని మళ్లీ రుద్దుతం. తాగే నీళ్లకు మన దేశం పెట్టుకున్న ప్రమాణంల కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకని కాడ 600 దాకా సరే అన్నరు. మీ బోరు నీళ్లు టెస్ట్ చేపిస్తే ఆ కాగితంల ఈ అంకె చూడండి. ఇంటికి భగీరథ నల్లా ఉంటే మొఖం వరకైనా ఆ నీళ్లు వాడుకోండి.

రెండోది సబ్బే. మన చర్మం కొంచెం పులుపు గుణంల ఉంటది, పీహెచ్ 5 దగ్గర. ఒంటి సబ్బు 9, 10 దాకా ఉంటది. కడిగిన ప్రతిసారి చర్మం మీది సన్నటి నూనె పొర పోతది, చర్మం మళ్లీ తన గుణానికి రావాలంటే గంటలు పడ్తది. రోజుకొకసారి అయితే చాలామందికి ఏం కాదు. మా చెల్లె లెక్క మొటిమలొస్తయని ఐదారుసార్లు కడిగితే ఆ పొర ఎప్పుడు తయారవ్వాలె?

ఇగ మైసెల్లార్ వాటర్. పేరు పెద్దగుంది గానీ లోపల ఉన్నది చాలామటుకు నీళ్లే. దాంట్ల మెత్తటి సర్ఫాక్టెంట్ కొంచెం కలుపుతరు. సర్ఫాక్టెంట్ అంటే ఒక తల, ఒక తోక ఉన్న అణువు అనుకోండి. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. నీళ్లల్ల ఇవి ఒక లెక్కకు మించి కలిస్తే వాటంతట అవే గుండ్రంగ చేరుతయి, తోకలు లోపలికి, తలలు బయటికి. వానల తడుస్తున్న గొర్రెలు మొఖాలు లోపలికి పెట్టి గుంపుగ నిలబడినట్టు. ఆ గుంపే మైసెల్. ఎంత చిన్నదంటే వెంట్రుక మందంల దగ్గర దగ్గర పదివేలో వంతు. దూదికి తడిపి మొఖం మీద పెడితే తోకలు కాటుకను, జిడ్డును పట్టుకుంటయి, దూది దాన్ని ఎత్తుకొస్తది. అమ్మమ్మ కొబ్బరినూనె చేసే పనే ఇది, కాకపోతే నీళ్ల రూపంల, జిడ్డు లేకుండ. సబ్బు కూడా మైసెల్స్ చేస్తది, ఆ మాట నిజమే. తేడా ఏందంటే దీంట్ల వాడే రకం మెత్తది, తక్కువ ఉంటది, పులుపు గుణం చర్మానికి దగ్గరగ పెడ్తరు, మన బోరు నీళ్లతో దానికి పని లేదు.

దీన్ని చర్మం కోసం సీసాల పెట్టి పేరు తెచ్చింది ఫ్రాన్స్ కంపెనీ బయోడెర్మా, 1995ల. మంట, ఎరుపు ఉండే సున్నితమైన చర్మం వాళ్ల కోసం తెచ్చిండ్రు. తర్వాత మేకప్ ఆర్టిస్టుల బ్యాగుల చేరింది, ఆ తర్వాత గార్నియర్ లాంటి కంపెనీలు చిన్న సీసాలు తెచ్చినంక మన వనపర్తి దుకాణాల దాకా వచ్చింది. నాకు ఎవరూ డబ్బులియ్యలే, ఏ సీసా కొనమని చెప్తలేను.

ఇప్పుడు నేను చెప్పడానికి సిగ్గుపడే భాగం. బతుకమ్మ తర్వాత చెల్లె మొఖం కమిలింది అన్న కదా. నేను ఏం చేసిన? ఒక మందుల షాపుకు పోయి "మొఖం ఎర్రగైంది, నల్ల మచ్చలు కూడా ఉన్నయి" అన్న. చీటీ అడగలే, ఒక చిన్న ట్యూబ్ ఇచ్చిండు. నేనే తెచ్చి ఇచ్చిన. నాలుగు రోజులల్ల మొఖం మెరిసిపోయింది. ఇంట్ల అందరూ "ఏం పూస్తున్నవే" అని అడుగుడు. చెల్లె రెండు నెలలు పూసింది. ట్యూబ్ అయిపోయి వారం ఆపింది, అంతే. మొఖం మండుతుంది, ఎండల నిలబడలేదు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, ఎప్పుడూ లేనన్ని మొటిమలు. కాలేజీకి చున్నీ కట్టుకొని పోయింది.

చర్మం డాక్టర్ ట్యూబ్ డబ్బా చూసి ఒక్క నిమిషంల చెప్పింది, ఇది స్టెరాయిడ్ అని. డబ్బా మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఏది కనిపించినా అది స్టెరాయిడే. రోగానికి డాక్టర్ చెప్పిన రోజులు వాడితే మంచి మందు. తెల్లగ కావాలని మొఖానికి నెలల తరబడి పూస్తే చర్మం పల్చబడ్తది. దేశమంతా ఇదే గోస అని 2018ల కేంద్రం ఇసొంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌ల చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దు. నాకు అప్పుడు తెల్వదు. మీరు ఎవరైనా ఇప్పుడు అది వాడుతుంటే ఇది విని భయపడి మీ అంతట మీరు ఆపి ఆగం కాకండి, డబ్బా పట్టుకొని చర్మం డాక్టర్ దగ్గరికి పోండి. ఎట్ల ఆపాలో వాళ్లు చెప్తరు.

ఆ డాక్టరే అన్నది, సబ్బు బంద్, స్క్రబ్ బంద్, నిమ్మకాయ బంద్, వాసన లేని మెత్తటి క్లెన్సర్ ఒకటి వాడు అని. మైసెల్లార్ వాటర్ మా ఇంటికి వచ్చింది అట్ల. దాంతోనే చెల్లె మొఖం బాగైంది అని చెప్త అనుకున్నరా? కాలే. బాగైంది డాక్టర్ మందుతో, నెలల టైమ్‌తో. ఇది చేసిన పని ఏందంటే రోజూ మొఖం శుభ్రం చేస్తూ పుండు మీద కారం పొయ్యకుండ ఉండుడు. మొదటి వారం ఇది కూడా కొంచెం చురుక్కుమన్నది, అందుకే తుడిచినంక నల్లా నీళ్లతో కడిగించిన.

వాడే పద్ధతి చెప్త. దూదిని బాగ తడపండి, పిసినారితనం చెయ్యొద్దు, పొడి దూది గీస్తది. కండ్లు మూసుకొని కాటుక మీద పెట్టి పది, పదిహేను లెక్కపెట్టండి. రుద్దొద్దు. తర్వాత మెల్లగ కిందికి తుడవండి. కండ్లల్ల లెన్స్ పెట్టుకునేవాళ్లు ముందు లెన్స్ తియ్యండి. దూది మార్చుకుంట పోండి, దూది తెల్లగ వచ్చేదాకా. సీసా మీద కడగాల్సిన అవసరం లేదు అని రాసి ఉంటది. నా మాట, కడుక్కోండి. సర్ఫాక్టెంట్ ఎంత మెత్తదైనా రాత్రంతా మొఖం మీద ఉంచుకునేది కాదు. మేకప్ గట్టిగ ఉన్న రోజు దీని తర్వాత మెత్తటి ఫేస్‌వాష్ కూడా వాడొచ్చు. అసలు మేకప్, సన్‌స్క్రీన్ ఏం పెట్టుకోని రోజు ఇది అక్కర్లేదు, పొద్దున వట్టి నీళ్లు చాలు. పైసలు ఊకె వస్తున్నయా?

కొనేటప్పుడు డబ్బా మీద తయారైన తేదీ, గడువు, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్ ఉన్నయా చూడండి. బయటి దేశం సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అల్లర్జీ ఉన్నోళ్లు సువాసన కలిపింది వద్దనుకోండి. మొదటిసారి మోచేతి మడత దగ్గర రాసి ఒకటి రెండు రోజులు చూడండి.

రీల్స్‌ల ఇంకోటి తిరుగుతుంది, గులాబీ నీళ్లల్ల గ్లిజరిన్, కొబ్బరినూనె కలిపి ఇంట్లనే మైసెల్లార్ వాటర్ అని. అది మైసెల్లార్ వాటర్ కాదు. సర్ఫాక్టెంట్ లేకుండ నూనె నీళ్లల్ల కలవది, పైన తేలుతది. అందులో పాడవకుండ ఆపే ప్రిజర్వేటివ్ ఉండదు, వారం పెడితే దాంట్ల ఏం పెరుగుతదో కంటికి కనపడది. పైసలు లేకుంటే అమ్మమ్మ పద్ధతే మేలు. కాటుకకు రెండు చుక్కల కొబ్బరినూనె, మెత్తటి బట్ట. మొటిమలు ఎక్కువ ఉన్నోళ్లు మాత్రం మొఖమంతా రాయకండి, కొబ్బరినూనె కొందరికి రంధ్రాలు మూసేస్తది.

ఇంకొక్క మాట, ఇది మన దిక్కు వాళ్లకే. మొన్న మా బావ పత్తికి మందు కొట్టి వచ్చి, నా సీసా తీసుకొని దూదితో మొఖం తుడుచుకుంటుండు. చేతిలకెల్లి గుంజుకున్న. పురుగుమందు పడ్డప్పుడు ఈ సీసాలు పనికి రావు, ఎంత పోయిందో ఎంత మిగిలిందో తెల్వదు. వెంటనే బట్టలు మార్చాలె, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద బాగ కడగాలె, కండ్లల్ల పడితే పది పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టుకుంట దవాఖానకు పోవాలె, మందు డబ్బా వెంట తీసుకపోవాలె. అక్కడ సబ్బే కావాలి. సబ్బును ఇంతసేపు తిట్టిన కదా, ఆ పనికి మాత్రం దాన్ని మించింది లేదు.

చెల్లె ఇప్పుడు ఫర్వాలేదు. ఎర్ర నరాలు ఇంకా కొంచెం కనిపిస్తయి. ఈ వీడియోల కూర్చో అంటే "నువ్వు తెచ్చిన ట్యూబ్ సంగతి చెప్తేనే మాట్లాడమను" అన్నది. చెప్పిన. ఇప్పుడు ఫోన్ పట్టుకొని షూట్ చేస్తున్నది ఆమెనే. ఉంట మరి, కరెంటు పోయేటట్టుంది.