చురుకైన పిల్లలు పలక పట్టనంటే

"మావాడిది పాదరసం లాంటి బుర్రండీ. పాట ఒక్కసారి వింటే పట్టేస్తాడు. పలక తీస్తే మాత్రం కడుపునొప్పి అంటాడు." నాలుగైదేళ్ల పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. దీన్ని మనం మొండితనం అనేస్తాం. చాలాసార్లు అసలు సంగతి వేరు.

'అ' ఎలా ఉండాలో ఆ పిల్లవాడికి తెలుసు. వేళ్లకే ఇంకా పట్టు రాలేదు. రాస్తే వంకరగా వస్తుంది, అది వాడికే నచ్చదు. అన్నీ ఇట్టే వచ్చేసే పిల్లలకి రానిది ఎదురైతే ఏం చేయాలో తోచదు. అప్పుడు "నాకొద్దు" అనేయడమే సులువు.

దీనికి మన మెచ్చుకోలు కూడా తోడవుతుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైన ప్రశ్నలు ఇస్తే, తెలివైనవాళ్లని అనిపించుకున్నవాళ్లే ముందు డీలాపడ్డారు. తప్పు చేస్తే ఆ పేరు పోతుందని వాళ్ల బెంగ. అందుకే "నువ్వు జీనియస్‌రా" అనకండి. "ఈ గీత తిన్నగా వచ్చింది, చూశావా?" అనండి.

మరి చాక్లెట్ ఆశ చూపిస్తే? 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్ని పరిశీలించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత తమంతట తాము గీయడం తగ్గించేశారు. లంచం ఇచ్చి చేయించే పని మంచిది కాదేమోనని పిల్లలకీ అనిపిస్తుంది మరి!

అయితే ఏం చేయాలి? "రాస్తావా, రాయవా?" అని నిలదీయకండి. "సుద్దముక్కతో రాద్దామా, ముగ్గుపిండితోనా?" అని అడగండి. ఎంచుకునే హక్కు వాళ్లకి ఇవ్వండి. పది నిమిషాలు చాలు. ఇంకా కావాలని అంటున్నప్పుడే ఆపేయండి.

అష్టాచెమ్మా ఆడించండి. గవ్వలు వేసి, పందెం ఎంత పడిందో చూసి, అన్ని గడులు కాయ జరపడంలో లెక్కింపు, కూడిక రెండూ ఉన్నాయి. ఓడిపోయి మళ్లీ ఆడటం అలవాటైతే తప్పంటే భయం కూడా పోతుంది. వామనగుంటల్లో చింతగింజలు ఒక్కొక్కటే జారవిడవడం వేళ్లకి మంచి సాధన. మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం గింజలు, గవ్వలు ఇవ్వకండి, మింగేస్తారు.

"ఆటలాడుతూ కూర్చుంటే వెనకబడడూ?" అంటారేమో. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. అందులో చదువు ప్రధానంగా ఆటపాటలతోనే సాగాలని చెప్పింది.

ఒక్క జాగ్రత్త. పిల్లలు పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటున్నా, పిలిస్తే పలకకపోయినా, ఎంత ఆడించినా అక్షరాలు గుర్తుండకపోయినా డాక్టరుకి చూపించండి. చూపు, వినికిడి పరీక్ష చేయించకుండా మొండితనమని ముద్ర వేయకండి.

అమ్మలూ, నాన్నలూ, ఈ వారం పలక గురించి పోరు పెట్టకండి. రోజూ కాసేపు పిల్లల పక్కన కూర్చుని ఆడండి. ఎలా రాశారో తర్వాత చూద్దురుగాని, ముందు ఎందుకు వద్దంటున్నారో వినండి.