పాత మారుతి ఇంజన్ ఎన్నాళ్లు నడుస్తుంది?

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా కొన్ని బండ్లు ఇంకా మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. ఎలాగంటారా? ఇంజన్‌ను పాడుచేసేది వయసొక్కటే కాదు. వేడి, మురికి ఆయిలు. అందులోనూ ముందు వేడి. ఈ బండి సిలిండర్ హెడ్ అల్యూమినియంది. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే ఆ వేడికి హెడ్ వంగిపోవచ్చు, గ్యాస్కెట్ పోవచ్చు. ఇక ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పాత బండి కొనేవాళ్లు ముందు మీటరు చూస్తారు. నన్నడిగితే ఆయిలు మార్పించిన రసీదులు చూడాలి. టైమింగ్ బెల్టు తెగేదాకా ఆగకండి, గడువుకే మార్పించండి. టెంపరేచర్ ముల్లు పైకెక్కిందా, వెంటనే బండి పక్కకు ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి. పూర్తిగా చల్లారాకే కూలెంట్ పోయండి.